ఇరవైకి సున్నా

సాయంత్రం క్లాసు ఐదున్నరకి మొదలవుతుంది. ఆయన మాత్రం ఐదు కాకముందే వచ్చి, కాగితాలూ పెన్నులూ అమ్మే షాపు పక్కనున్న ఇరుకు మెట్ల మీద, మూడో మెట్టు చూసుకుని కూర్చుంటాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి మెట్ల మీద కూర్చోవడం చూసి షాపతను రోజూ నవ్వుతాడు.

“ఈ మేడకి కూడా ఓ లిఫ్టు పెట్టించరాదూ బాబాయ్?”

“పెట్టిస్తే ఈ మెట్ల మీద ఎవరు కూర్చుంటారు?”

నాలుగు నెలల నుంచీ వాళ్ళిద్దరి మధ్యా ఈ ఒక్క మాటే నడుస్తోంది. ఇద్దరికీ ఇంకా విసుగు రాలేదు.

చేతులు ఎంత తోమి కడిగినా గోళ్ళ సందుల్లో నల్లటి నూనె మిగిలిపోతుంది కాబట్టి క్లాసులో ఆయనకి ఆయిల్ బాబాయ్ అని పేరు పడింది. అది మొదటి బ్యాచ్ వాళ్ళు పెట్టిన పేరు. పెట్టినవాళ్ళందరూ పాసై ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆ పేరుని మాత్రం బల్లలతోపాటు తర్వాతి బ్యాచ్‌కి అప్పగించారు. మనమూ బాబాయ్ అనే అందాం.

టీచరమ్మ ఐదుంబావుకి తాళం చెవితో వచ్చింది. యాభై దాటిన మనిషి, మెట్లెక్కితే ఆయాసం. బడి ఉద్యోగం మానేశాక ఈ సెంటరు వాళ్ళ దగ్గర కాంట్రాక్టు మీద చెబుతోంది. సుద్దముక్క అరిగిపోయి గోరంత అయినా పారెయ్యదు, పాత పెన్ను మూతలో ఇరికించి ఆ మూత పట్టుకుని రాస్తుంది. బాబాయ్ ఆవిడ వెనకాలే లోపలికి వెళ్ళి కిటికీలు తెరిచి, బోర్డు తుడిచి, తన బల్ల మీద కూర్చున్నాడు. ఈ పనులు ఆయనకి ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు.

పనిచేసుకునే వాళ్ళకి ఇంగ్లీషు నేర్పే క్లాసు అది. వారానికి మూడు రోజులు. ప్రతి బ్యాచ్‌కీ నెలంతా ఒకటే పాఠం, ఏ పని ఎందుకు చేస్తున్నామో చెప్పడం. ‘ఇన్ ఆర్డర్ టు’ అంటే ఫలానాది చెయ్యడానికి. ‘సో దట్’ అంటే ఫలానాది జరిగేటట్టు. ‘విత్ ద ఎయిమ్ ఆఫ్’ అంటే ఫలానా ఉద్దేశంతో. టీచరమ్మకి హాజరు పిలవడం కూడా పాఠమే. పేరు పిలిచి, ఇవాళ ఎందుకొచ్చారని ఇంగ్లీషులో అడుగుతుంది. ఆ మాటల్లో ఏదో ఒకటి వాడి జవాబు చెప్పాలి.

క్యాంటీన్లో వంటచేసే ఆవిడ లేచింది. అందరికీ ఆవిడ వంటక్క. “ఐ హావ్ కం ఇన్ ఆర్డర్ టు లెర్న్ ఇంగ్లీష్” అని ఒక్క గుక్కలో చెప్పి, గండం గడిచినట్టు కూర్చుంది. గేటు దగ్గర కాపలా ఉండే గార్డు లేచి, “ఐ హావ్ కం సో దట్ ఐ కెన్ గెట్ ప్రమోషన్” అన్నాడు. ప్రమోషన్ అన్న మాట దగ్గర మీసం సవరించుకున్నాడు కూడా.

బాబాయ్ వంతు వచ్చింది. ఆయన లేచి, గొంతు సవరించుకుని, పైకప్పు వంక చూసి, “ఐ హావ్ కం సో దట్ టు ఎయిమ్ ఇంగ్లీష్” అన్నాడు.

క్లాసంతా గొల్లుమంది. ఎగతాళి కాదు, ఇంట్లో పెద్దాయన నోరుజారితే నవ్వే నవ్వు. టీచరమ్మ నవ్వలేదు. బోర్డు దగ్గర్నించి నడుచుకుంటూ ఆయన బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. “మళ్ళీ చూద్దాం బాబాయ్ గారూ. ముందు ఐ హావ్ కం అన్నారు, బాగుంది. ఆ తర్వాత?” అని ఆయన నోటి వంక చూస్తూ ఆగింది.

రోజు మొత్తంలో ఒక మనిషి ఆయనకి ఎదురుగా నిలబడి, ఈయన ఏం చెప్పబోతున్నాడా అని ఎదురుచూసేది ఈ రెండు మూడు నిమిషాలే. ఆయన ఇంకో తప్పు చెప్పాడు. ఆవిడ ఇంకోసారి సరిదిద్దింది. మూడోసారికి సగం ఒప్పు చెప్పాడు. అంతకంటే సాగదీస్తే మిగతావాళ్ళకి టైం ఉండదని ఆయనకి తెలుసు, అంత స్వార్థపరుడు కాదు.

అసలు సంగతి ఏమిటంటే బాబాయ్‌కి ఆ పాఠం మొత్తం వచ్చు. మొదటి నెలలో మూడు వారాలకే వచ్చేసింది. లిఫ్టు ఎందుకు ఆపారో ఇంగ్లీషులో రిపోర్టు రాయాలని కంపెనీవాళ్ళు పంపించారు. ఆయన రాస్తున్న రిపోర్టులు చూసి, ఎప్పుడో పాసయ్యాడనుకుని వాళ్ళు అడగడం కూడా మానేశారు. ఇక్కడి రూలు వేరు. నెలాఖరు టెస్టులో పాసైతే సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తారు, ఆ పేరు మీద మళ్ళీ చేర్చుకోరు. ఫెయిలైతే అదే బల్ల మీద ఇంకో నెల. మొదటి టెస్టు రోజున కాగితం ముందు పెట్టుకుని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. చూసుకుని, తెలిసిన జవాబులన్నీ వదిలేసి వేరేవాటికి టిక్కులు పెట్టాడు. తర్వాత రెండు నెలలూ అంతే. ఇది నాలుగో నెల, ఈ శుక్రవారం నాలుగో టెస్టు.

క్లాసయ్యాక గదికి వెళ్ళాడు. తాళం తీసి, లైటు వేసి, స్టవ్వు వెలిగించాడు. ఆయన భార్య పోయినప్పటినుంచీ ఆ గదిలో మాట్లాడేది ప్రెషర్ కుక్కరొక్కటే. “ఐ లైట్ ద స్టవ్ ఇన్ ఆర్డర్ టు కుక్” అన్నాడు కుక్కర్‌తో. తప్పేమీ లేదు. తప్పు లేకపోవడంతో మాట అక్కడితో ఆగిపోయింది. రెండో కుర్చీ మీద ఉన్న ఉతికిన బట్టలు తీసి మడతపెట్టి, ఇంకెక్కడా చోటు లేనట్టు మళ్ళీ ఆ కుర్చీ మీదే పెట్టాడు.

*

మంగళవారం పొద్దున్న ఆరంతస్తుల ఆఫీసు భవనం నుంచి ఫోనొచ్చింది. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు సగం మూసుకుని ఆగిపోతోందట. సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. ముందు ఒక అట్టముక్క తీసి, లావు పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాశాడు. ‘ద లిఫ్ట్ హాస్ బీన్ స్టాప్డ్ ఇన్ ఆర్డర్ టు రిపేర్ ద డోర్. ప్లీజ్ యూజ్ ద స్టెయిర్స్ సో దట్ ద వర్క్ కెన్ బి ఫినిష్డ్ ఎర్లీ.’ ఆ అట్టని మూడో అంతస్తు తలుపుకి తగిలించాడు. తర్వాత లిఫ్టు పెట్టెని సగం అంతస్తు కిందికి దించి, పైనున్న స్టాప్ స్విచ్ నొక్కి, పెట్టె కప్పు మీదికి ఎక్కి, తలుపు మూసుకుని లోపలివైపు నుంచి పని మొదలుపెట్టాడు.

లిఫ్టు గొయ్యిలో ఎప్పుడూ సాయంత్రంలాగే ఉంటుంది. నుదుటికి కట్టుకున్న లైటు ఎటు చూస్తే అటే వెలుగు. తలుపుని మోసే చక్రాలు నాలుగింట్లో ఒకటి అరిగి ఒరిగిపోయింది. ఆయన దాన్ని విప్పి, కొత్తది బిగించి, వేలితో తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మంచి చక్రం చప్పుడు చెయ్యదు. లాకు దగ్గరి రాగి ముక్కలు నల్లబడి ఉన్నాయి. గరుకు కాగితంతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. కింద తలుపు నడిచే గాడిలో ఏళ్ళనాటి దుమ్మూ, స్టేపిలర్ పిన్నులూ, ఎవరిదో చొక్కా గుండీ ఉన్నాయి.

తలుపు అవతల అడుగుల చప్పుడైంది. ఎవరో మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్నారు. ఆ ఆయాసం ఆయనకి తెలిసిందే. తలుపు రెక్కల మధ్య సన్నటి సందులోంచి కిందికి చూశాడు. సుద్దపొడి అంటిన చెప్పులు కనిపించాయి. వాటికెదురుగా మెరిసే నల్లబూట్లు నిలబడ్డాయి.

“లోపలికి పదండి అనేవాణ్ణే గానీ మేడం, నా గదిలో వేరేవాళ్ళున్నారు. ఇక్కడే చెప్పేస్తాను” అంది బూట్ల గొంతు. అది సెంటర్ ఆఫీసరుది. ఆ ఆఫీసు ఈ అంతస్తులోనే ఉందని బాబాయ్‌కి అప్పటిదాకా తెలియదు. “రిపోర్టు చూశాను. అంతా బానే ఉంది, ఆ ఒక్క పేరు తప్ప. మూడు టెస్టులు, మూడు సున్నాలు. ఒక్క మార్కు! ఒక్క మార్కు కూడా తెప్పించలేకపోయారా అని పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు.”

“పెద్దవారు సార్. పని నుంచి నేరుగా వస్తారు. ఒక్కరోజు కూడా మానలేదు.”

“మానకుండా వచ్చి సున్నా తెచ్చుకుంటున్నాడంటే తప్పెవరిది?”

బాబాయ్ చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది.

“సరే, ఒక పని చెయ్యండి” అన్నాడు ఆఫీసరు, ఏదో మేలు చేస్తున్నవాడిలా. “ఆయనకి చదువు ఎక్కదు, క్లాసుకి పనికిరాడు అని ఓ లెటర్ రాసివ్వండి. పేరు తీసేస్తాను. మీ మీద మచ్చ ఉండదు.”

“అలా రాయలేను సార్.”

“ఎందుకని?”

“ఎక్కదు అనేది నిజం కాదు కాబట్టి” అంది ఆవిడ.

“అయితే శుక్రవారం ఆయన పాసవ్వాలి. కాకపోతే వచ్చే నెల నుంచి క్లాసు ఇంకొకరికి ఇస్తాం. ఇందులో నా చేతుల్లో ఏమీ లేదు మేడం.” ఆఫీసరు వెళ్ళబోతూ ఆగాడు. “ఇదిగో, దీన్ని చూడండి. లిఫ్టు బాగుచేసేవాడు రాసుకున్న బోర్డు! ఇన్ ఆర్డర్ టు, సో దట్, రెండూ ఎంత చక్కగా పెట్టాడో. ఏ క్లాసుకెళ్ళి నేర్చుకున్నాడంటారు? మీవాడికి నాలుగు నెలల్లో ఇది కూడా రాలేదు.”

తలుపు వెనక బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. రెండు చేతులూ పెట్టి తలుపు పక్కకి లాగి, అది నేనే సార్, ఆవిడే నేర్పింది అని అరవాలనిపించింది. లాగితే మూడు సున్నాలకీ కారణం చెప్పాలి. ఏమని చెప్తాడు? సాయంత్రం పూట వెళ్ళడానికి ఇంకో చోటు లేదని, ఆ నల్లబూట్ల మనిషితోనా? గరుకు కాగితం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

బూట్లు వెళ్ళిపోయాయి. చెప్పులు మాత్రం చాలాసేపు ఆ బోర్డు ముందు నిలబడే ఉన్నాయి. తర్వాత అవీ మెట్ల వైపు మళ్ళాయి. దిగేటప్పుడు కూడా ఆవిడకి ఆయాసమే.

*

బుధవారం మెట్ల మీద షాపతను లిఫ్టు మాట ఎత్తితే బాబాయ్ ఊఁ అని ఊరుకున్నాడు. టీచరమ్మ వచ్చింది, తాళం తీసింది, ఎప్పటిలాగే “కిటికీ గడియ బిగుసుకుంది, కాస్త చూడండి” అంది. మొహంలో ఏ తేడా లేదు. తనని నోటికొచ్చినట్టు మాటలన్న మనిషి ముందు నిలబడి వచ్చిందని ఎవరూ అనుకోరు.

హాజరు పిలిచినప్పుడు బాబాయ్ లేచాడు. సరైన వాక్యం నాలుక చివర ఉంది. ఇప్పుడు చెప్పేస్తే శుక్రవారం దాకా ఆగకుండానే ఆవిడ బెంగ తీరుతుంది. కానీ ఆవిడ అప్పుడే బోర్డు వదిలి నాలుగడుగులు ఆయన వైపు వేసింది. ఆ అడుగులు చూశాక ఆయన వల్ల కాలేదు. తప్పే చెప్పాడు. ఇన్నాళ్ళూ తియ్యగా ఉన్న ఆ రెండు నిమిషాలు ఇవాళ దొంగసొత్తులా ఉన్నాయి. ఆవిడ సరిదిద్దుతుంటే తలెత్తలేకపోయాడు.

క్లాసయ్యాక ఆవిడ ఆయన్ని ఆపింది. చేతిసంచీలోంచి చీట్లకట్ట తీసింది. పాత క్యాలెండర్ కాగితాలు వేలెడంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో వాక్యం సగం రాసింది. ఏ సగానికి ఏ సగం అతుకుతుందో జతపెట్టాలి. “ఇంట్లో కూర్చుని ఆడుకోండి, పేకముక్కల్లా. సరదాగా ఉంటుంది” అంది. ఇద్దరు ఆడే ఆట అది. ఆ సంగతి ఆవిడకి తట్టలేదేమో అనుకున్నాడు.

“రాత్రంతా కూర్చుని కత్తిరించినట్టున్నారు” అన్నాడు.

“నాకు మాత్రం ఇంకేం పని?” అంది ఆవిడ, సంచీ జిప్పు లాగుతూ. “శుక్రవారం జాగ్రత్తగా రాయండి.”

అంతే. పాసవ్వమని అనలేదు, ఆఫీసరు మాట ఎత్తలేదు. అని ఉంటే ఆయనకి కొంత తేలిగ్గా ఉండేది.

మెట్ల దగ్గర వంటక్క కాచుకుని ఉంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. “అన్నయ్యా, ఈసారైనా గట్టెక్కాలి నువ్వు. టెస్టులో నా పక్కన కూర్చో. నేను పేపరు కొంచెం ఇటు జరుపుతాను, నువ్వు మెడ కొంచెం అటు తిప్పు. గరిటె తిప్పే చెయ్యి నాది, ఎవరికీ కనపడకుండా జరపగలను.”

“నువ్వు ప్రాక్టీసు పేపర్లో మూడోదానికి రెండో జవాబు రాస్తున్నావమ్మా ఎప్పుడూ. ఉద్దేశం చెప్పేటప్పుడు ‘సో దట్’ తర్వాత మనిషి రావాలి, చేసే పని కాదు” అనేశాడు బాబాయ్, ఆలోచన ఎటో ఉండి.

వంటక్క ముక్కున వేలేసుకుంది. “నీకెలా తెలుసు?”

“ఎవరో అంటుంటే విన్నాను” అని గబగబా మెట్లు దిగిపోయాడు.

గురువారం క్లాసు లేదు. పొద్దున్న ఒక ఆస్పత్రి లిఫ్టుకి తాళ్ళు చూశాడు. ఇనప తాడు పొడుగునా గుడ్డ పట్టుకుని మెల్లగా జార్చుతూ పోతే, ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డకి తగులుకుంటుంది. ఎక్కడా తగులుకోలేదు. పని పూర్తయింది. నాలుగింటికి గదికొచ్చాడు. ఐదున్నర అయింది. చీట్లు మంచం మీద పరిచి జతలు పెట్టాడు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. కలిపేసి మళ్ళీ పెట్టాడు. మూడోసారి కావాలని తప్పు జతలు పెట్టి, ఎవరైనా సరిదిద్దుతారేమోనన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. కిటికీ అవతల ఎవరి ఇంట్లోనో టీవీ మోగుతోంది.

పాసైతే ఇక రోజూ గురువారమే. అది ఆయనకి స్పష్టంగా తెలుసు. ఫెయిలైతే ఆవిడ క్లాసు పోతుంది, అప్పుడు ఈయన బల్ల ఉండీ లాభం లేదు. క్లాసుకి రావడమే మానేద్దామా అంటే అదీ ఆవిడ తప్పు కిందే రాస్తారు. ఎటు తిప్పినా ఒకటే జవాబు వస్తున్న లెక్కని ఆయన ఇంకా రెండుసార్లు చేసుకుని, చీట్లు కట్టగట్టి, దారంతో చుట్టి పక్కన పెట్టాడు.

*

శుక్రవారం టెస్టు. ఇరవై ప్రశ్నలు. పంతొమ్మిదింటికి నాలుగేసి జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టాలి, ఇరవయ్యోదానికి సొంతంగా ఒక వాక్యం రాయాలి. ఆఫీసరు కూడా వచ్చి వెనక కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. వంటక్క తన పేపరు బల్ల చివరిదాకా జరిపి, అది కింద పడబోతే పట్టుకుంది.

బాబాయ్ పెన్ను తీశాడు. మొదటి ప్రశ్నకి చెయ్యి అలవాటుగా తప్పు జవాబు మీదికి వెళ్ళింది. ఆపుకుని పక్కదానికి టిక్కు పెట్టాడు. ఆ తర్వాత మరి ఆగలేదు. కొత్త చక్రం మీద తలుపు జరిగినట్టు పంతొమ్మిదీ అయిపోయాయి. ఇరవయ్యోది, మీ లక్ష్యం ఏమిటో ఉద్దేశం తెలిసేలా ఒక వాక్యంలో రాయండి.

ఇక్కడ ఆయన చాలాసేపు ఆగాడు. నిజమైన వాక్యం ఒకటి ఆయన దగ్గర ఉంది. మాటలన్నీ తెలుసు, వరస కూడా తెలుసు. కానీ వెనక నల్లబూట్లు ఉన్నాయి, ఈ కాగితం వాటి దగ్గరికే వెళుతుంది. చివరికి ఇలా రాశాడు, ‘ఐ వాంట్ టు లెర్న్ ఇంగ్లీష్ సో దట్ ఐ నీడ్ నాట్ డిపెండ్ ఆన్ ఎనీబడీ.’ ఎవరి మీదా ఆధారపడనక్కర్లేకుండా ఇంగ్లీషు నేర్చుకోవాలనుకుంటున్నాను. ఒకసారి చదువుకుని, చుక్క పెట్టి, అందరికంటే ముందు లేచి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు టీచరమ్మ మొహం వంక చూడలేదు.

శనివారం సాయంత్రం సర్టిఫికెట్లు. అందరూ పాస్. గార్డు తన సర్టిఫికెట్ని ఎండకి పట్టి అందులో ఉన్న ముద్ర అసలుదా కాదా అని చూసుకున్నాడు. వంటక్క కళ్ళు తుడుచుకుంటూ టీచరమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది, అందరినీ క్యాంటీన్‌కి రమ్మంది, ఎవరు ఏ రోజు రావాలో కూడా చెప్పింది. ఆఫీసరు ఫోన్లో కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించామని చెప్పాడట. పావుగంట గోలగోలగా ఉండి, గది ఒక్కసారిగా ఖాళీ అయింది.

బాబాయ్ సర్టిఫికెట్ చేతిలోనే ఉంది. దాన్ని చుట్టాలా మడతపెట్టాలా తెలియక పట్టుకుని నిలబడ్డాడు. “వెళ్ళొస్తానండీ” అన్నాడు.

“కూర్చోండి ఒక్క నిమిషం.” ఆవిడ సంచీలోంచి ఆయన పేపరు తీసి బల్ల మీద పెట్టింది. పక్కన ఎర్రసిరాతో ఇరవైకి ఇరవై. “ఈ చివరి వాక్యం ఉందే. భాషలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మాటే అబద్ధం.”

బాబాయ్ సర్టిఫికెట్‌ని మెల్లగా చుట్టడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఇంకో మూడు కాగితాలు తీసి దాని పక్కన వరసగా పేర్చింది. మూడింటి మీదా ఎర్రసున్నాలు. “మొదటిది దిద్దినప్పుడే తెలిసిపోయింది నాకు. నిజంగా ఏమీ రానివాళ్ళు కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా నాలుగో ఐదో తగులుతాయి బాబాయ్ గారూ. ముప్ఫై ఏళ్ళలో ఎందరివి దిద్దానో, ఎవరికీ సున్నా రాలేదు. ఇరవైకి సున్నా తెచ్చుకోవాలంటే ఇరవైకి ఇరవై తెలిసి ఉండాలి.”

ఆయన ఎన్నడూ పనిలో ఒక్క బోల్టు కూడా వదులుగా వదలని మనిషి. తప్పులు చెయ్యడంలోనూ ఒక్కటి కూడా వదలకుండా చేశాడు. రెండో మూడో ఒప్పులు కలపాలన్న ఆలోచనే రాలేదు. చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“ఇంత తెలిసి మంగళవారం ఆయన ముందు ఎందుకు మాట పడ్డారు?” అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. “నేను అక్కడే ఉన్నాను. తలుపు వెనకాల.”

“తెలుసు. ఆ బోర్డు మీద చేతిరాత నేను దిద్దిందేగా. లోపల ఏదో రుద్దుతున్న చప్పుడు వస్తోంది, ఆయన తప్పెవరిది అనగానే ఆగిపోయింది.”

“చెప్పేసి ఉండాల్సింది. దొంగ ఫెయిల్ అని. మీ ఉద్యోగం పోయేదమ్మా!”

“చెబితే మర్నాటి నుంచి మీరు రారు కదా” అంది ఆవిడ.

గదిలో కిటికీ తలుపు గాలికి ఒకసారి కొట్టుకుంది. ఇద్దరూ లేవలేదు. ఆవిడ కాగితాల అంచులు సరిచేస్తూ, ఆయన వంక చూడకుండా మాట్లాడింది.

“ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ వెళ్ళిపోవడానికే వస్తారు. వాళ్ళని తొందరగా వెళ్ళిపోయేటట్టు చెయ్యడమే నా ఉద్యోగం. ఎంత బాగా చెబితే అంత తొందరగా వెళ్తారు. వంటక్క ఇప్పుడు ఏడ్చింది చూశారా, మళ్ళీ బజార్లో కనిపిస్తే నమస్తే మేడం అంటుంది, అంతే. మీరొక్కరే ఉండిపోవడానికి వచ్చారు. ఐదుంబావుకి వస్తే మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉంటారని ఇంట్లో బయల్దేరేటప్పుడే తెలిసి ఉండటం...” అక్కడ ఆగిపోయింది. “నాకూ స్వార్థం ఉంది లెండి. మొదటి నెలలోనే మందలించి ఉంటే మీకు మూడు నెలలు మిగిలేవి.”

“మిగిలి ఏం చేసుకునేవాణ్ణి?” అన్నాడు బాబాయ్. ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు పూర్తయ్యేసరికి ఇద్దరి కళ్ళూ తడిగా ఉన్నాయి.

ఆవిడ నాలుగు కాగితాలూ సంచీలో పెట్టుకుంది. ఆయన లేచి కిటికీలు మూశాడు. ఇద్దరూ గుమ్మం బయటికి వచ్చాక ఆవిడ తాళం వేసింది. పైమెట్టు మీద నిలబడి, “సోమవారం రండి” అంది.

“పాసైనవాళ్ళు రాకూడదు గదండీ. కొత్త బ్యాచ్ వస్తుంది. ఆఫీసరు చూస్తే మళ్ళీ మీకే మాట వస్తుంది.”

“క్లాసుకి కాదు. ఆరున్నరకి అయిపోతుందిగా, అప్పుడు రండి. బస్సుదాకా నడుద్దాం.”

“ఏం పని ఉందని రమ్మంటారు?”

“పనేమీ లేదు. ఊరికే రండి.”

బాబాయ్ రెయిలింగ్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. లిఫ్టు చెడితే రమ్మంటారు, నీళ్ళ మోటారు ఆగితే రమ్మంటారు, ఎక్కడో తలుపు ఇరుక్కుంటే పరుగున రమ్మంటారు. ఊరికే రమ్మని ఆయనతో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో గుర్తుచేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

“ఊరికే అంటే ఇంగ్లీషులో ఏమంటారండీ?” అన్నాడు కాసేపటికి.

టీచరమ్మ తాళం చెవి చేతిలో పట్టుకుని నిజంగానే ఆలోచించింది. రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగి ఆలోచించింది.

“ఏమో బాబాయ్ గారూ” అంది. “నా దగ్గర ఆ పాఠం లేదు.”